"ఎల్లప్పుడును ఆనందించుడి": సరిహద్దు ఊళ్ల తెలుగు విశ్వాసులకు ఒక ఆచరణ మార్గదర్శి

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వంటి ఊళ్లలో తెలుగు ఆరాధనకు వచ్చే విశ్వాసులు పాస్టరు గారితో ఏకాంతంగా మాట్లాడే అవకాశం దొరికినప్పుడు తరచుగా చెప్పుకొనే బాధ ఒకటుంది. ప్రార్థన మానలేదు, మందిరానికి వెళ్లడం మానలేదు, కానుక ఇవ్వడం మానలేదు, అయినా రక్షణ పొందిన కొత్తలో ఉన్న సంతోషం ఇప్పుడు లేదంటారు. ఆదివారం డోలక్ మోగినంతసేపు ఉత్సాహంగానే ఉంటుంది. సోమవారం పొలానికో, దుకాణానికో, కచేరీకో వెళ్లేసరికి అది ఇంకిపోతుంది. ఈ మార్గదర్శి అటువంటివారి కోసం. ఇందులో చెప్పిన పనులకు ఒక వరుస ఉంది, ఆ వరుసకు కారణమూ ఉంది; అందువల్ల ముందున్నదాన్ని దాటవేసి వెనుకదానితో మొదలుపెట్టవద్దని మనవి.

ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన పత్రిక చాలా చిన్నది, మొత్తం 104 వచనాలే. అందులో సంతోషాన్ని, సంతోషించడాన్ని, కలిసి సంతోషించడాన్ని చెప్పే మాటలు మూలభాషలో 16 సార్లు వస్తాయి. రాస్తున్న మనిషి సంకెళ్లలో ఉన్నాడు, తన ప్రాణం ఉంటుందో పోతుందో తెలియని స్థితిలో ఉన్నాడు. అటువంటివాడు "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి" అని రాశాడంటే, ఆ ఆనందం నిలబడిన చోటు చెరసాల గోడలకు అందనిది అయివుండాలి. తన విడుదల మీద గాని, ఆరోగ్యం మీద గాని, చేతిలోని డబ్బు మీద గాని అతడు దాన్ని నిలపలేదు, ప్రభువు మీద నిలిపాడు. ఆ చోటికి మళ్లీ చేరడం, చేరిన తరువాత అక్కడే ఉండడం, ఈ రెండూ నేర్చుకోదగిన పనులే.

అయితే ఇది బలవంతంగా రప్పించుకొనేది కాదు. గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మ ఫలాన్ని వివరిస్తూ ప్రేమ తరువాత రెండవదిగా సంతోషాన్ని చెప్పారు. జీడితోట వేసిన రైతు కాపు కాయమని చెట్టును గద్దించడు. పాదు చేస్తాడు, కలుపు తీస్తాడు, చీడ పట్టిందేమో చూస్తాడు, మూడేళ్లయినా ఓర్చుకుంటాడు. కింద చెప్పేవన్నీ ఆ రైతు పనుల వంటివి.

మొదటి పని: ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం

సంతోషం తగ్గిందనగానే మన సంఘాలలో వెంటనే చెప్పే మందు ఉపవాస ప్రార్థన. అది మంచిదే, కాని కారణం తెలియకుండా వేసిన మందు ఒక్కోసారి రోగాన్ని పెంచుతుంది. రోజుకు నాలుగు గంటలు మాత్రమే నిద్రపోతున్న తల్లికి మూడు రోజుల ఉపవాసం చెప్పడం ఆధ్యాత్మికత అనిపించుకోదు.

ఏలీయా ప్రవక్త కథను ఈ కంటితో మళ్లీ చదవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసినవాడు యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని, చావు కావాలని ప్రార్థించాడు. అప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు, విశ్వాసం తగ్గిందని నిందించనూ లేదు. అతణ్ణి నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ ఇచ్చాడు. అతడు తిని మళ్లీ పడుకుంటే రెండవసారీ లేపి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మెల్లని స్వరం వినిపించింది ఇదంతా అయిన తరువాత. నిద్ర, తిండి ముందు, మాట తరువాత.

కాబట్టి ఒక సాయంత్రం కాగితం తీసుకుని ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబులు రాయండి. గత నెల రోజులుగా కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతున్నానా? దాచిపెట్టిన పాపం ఏదైనా ఉందా? ఎవరితోనైనా మాటలు మానేశానా? ఎవరినైనా పోగొట్టుకుని, ఏడవవలసినంత ఏడవకుండా ఉన్నానా? ఇవేవీ కాకపోతే, చేసిన పనే చేస్తూ విసుగు పుట్టిందా? ఈ చివరిది చిన్న విషయం కాదు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ విసుగును 91వ కీర్తనలోని మధ్యాహ్నపు కీడుతో పోల్చాడు. పొద్దు కదలనట్టు అనిపించడం, చేతిలోని పని మీద మనసు నిలవకపోవడం, ఇక్కడ కాక మరెక్కడైనా ఉంటే బాగుండునన్న తలంపు దాని లక్షణాలని వర్ణించాడు. సెల్‌ఫోన్ చేతిలో ఉన్న మనకు ఆ వర్ణనను వేరుగా విప్పి చెప్పనవసరం లేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతిగా పట్టడం, బ్రతకడం వ్యర్థమన్న తలంపులు రావడం కుంగుబాటు అనే జబ్బు లక్షణాలు కావచ్చు. వైద్యుణ్ణి కలవడం విశ్వాసలోపం కాదు. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చావు తలంపులు ఉన్నవారిని ఒంటరిగా వదలకూడదు. ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

రెండవ పని: ఒప్పుకోవడం

కాగితం మీద రెండవ ప్రశ్నకు అవునని రాసినవారు ఇక్కడ ఆగాలి, తక్కినవారు ముందుకు సాగవచ్చు. దావీదు 51వ కీర్తనలో "నీ రక్షణానందము నాకు మరల పుట్టింపుము" అని వేడుకున్నది తన పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకున్న తరువాత. దేవుని ఎదుట మొత్తంగా "నేను పాపిని" అనడం సులభం. ఫలానా మనిషికి ఫలానా అబద్ధం చెప్పానని అనడం కష్టం. ఆ కష్టమైనదే చేయాలి. నష్టపోయిన మనిషి ఉంటే అతని దగ్గరికి వెళ్లాలి, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. అంతకుమించి సాక్ష్యాల కూడికలో అందరిముందూ విప్పి చెప్పడం చాలా సందర్భాల్లో అనవసరం, కొన్ని సందర్భాల్లో ఇతరులకు హాని కూడా.

సుంకరి జక్కయ్య విషయంలో ఒక వివరం గమనించదగినది. అతడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది తరువాత. యేసును సంతోషంతో ఇంటికి చేర్చుకున్నది ముందు. బాకీలన్నీ తీర్చి శుద్ధుడనయ్యాక సంతోషిద్దామని కాచుకుని ఉంటే ఆ రోజు ఎప్పటికీ రాదు.

మూడవ పని: సంతోషాన్ని సరైన చోట నిలపడం

యేసు పంపిన డెబ్బదిమంది శిష్యులు దయ్యాలు కూడా తమకు లోబడుతున్నాయని సంతోషంగా తిరిగివచ్చినప్పుడు, ఆయన వారిని దానికోసం కాక, తమ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నందుకు సంతోషించమన్నాడు. వారి సేవ ఫలించింది, ఆ ఫలం నిజమైనదే, అయినా సంతోషాన్ని దాని మీద కట్టవద్దన్నాడు. ఎందుకంటే రేపు ఏదో ఒక ఊరు వారిని వెళ్లగొడుతుంది, ఏదో ఒక రోగి బాగుపడడు, అప్పుడు దాని మీద కట్టినదంతా కూలుతుంది.

నూతన సంవత్సరపు రాత్రి వాగ్దాన కార్డు తీసుకుని, ఆ ఏడాది ఆశీర్వాదమంతా ఆ ఒక్క వచనం మీద లెక్కించుకొనే అలవాటు మన సంఘాలలో బలంగా ఉంది. కార్డులో తప్పు లేదు. ఉద్యోగం, వీసా, ఇల్లు, మగబిడ్డ అని దానికి మనం తగిలించే అర్థాలలో ఉంది చిక్కు. డిసెంబరు నాటికి అవి జరగకపోతే దేవుడే మాట తప్పినట్టు లోలోపల ఒక చేదు మిగిలిపోతుంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు.

దీనికి ఒక చిన్న అభ్యాసం ఉంది. గత నెలలో మిమ్మల్ని సంతోషపెట్టిన సంగతులన్నీ రాయండి. ఒక తుపాను, ఒక జ్వరం, ఒక బదిలీ ఉత్తర్వు తీసుకుపోగలిగినవాటి పక్కన గీత పెట్టండి. గీత పెట్టినవి చెడ్డవి కావు; వాటికోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పాలి. గీత లేనివి ఎన్ని మిగిలాయో చూసుకోండి. క్షమాపణ, దేవుని బిడ్డలమన్న పేరు, పునరుత్థానం, ఎన్నడూ విడువనన్న ప్రభువు సన్నిధి, ఇవి ఆ జాబితాలో అసలు రాశారా అన్నది అసలైన పరీక్ష. చాలామంది రాయరు, ఎందుకంటే అవి చిన్నప్పటినుంచి విని విని సంతోషపెట్టడం మానేసిన మాటలు. అందుకే తరువాతి పని అవసరమవుతుంది.

నాలుగవ పని: వాక్యాన్ని చెవికి వినిపించడం

మన సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, గంజాం ప్రాంతం మద్రాసు రాష్ట్రం నుంచి అటు చేరింది. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలలో చాలామంది ఇప్పుడు ఒడియా లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు పాటలు పాడతారు, కాని తెలుగు బైబిలు తెరిస్తే అక్షరాలు రావు. పెద్దలు దాన్ని భక్తి లోపంగా తీసుకుని మందలిస్తారు. ఆ మందలింపు వల్ల బైబిలు ఆ పిల్లలకు సిగ్గుపడవలసిన పుస్తకమైంది. వారికి ఒడియా బైబిలు చేతికివ్వండి, తెలుగు బైబిలును ఫోనులో వినిపించండి. అక్షరాలు నేర్పడం వేరుగా, మెల్లగా సాగనివ్వండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మమ్మ తెలుగులో చదివితే, అదే భాగాన్ని మనుమరాలు ఒడియాలో చదవవచ్చు. ఒకే వాక్యం రెండుసార్లు చెవిన పడడం నష్టమేమీ కాదు.

ఎంత చదవాలన్నదానికంటే ఎలా చదవాలన్నది ముఖ్యం. ఫిలిప్పీ పత్రికను రోజుకు నాలుగు వచనాల చొప్పున చదివితే 26 రోజులలో పూర్తవుతుంది. నాలుగు వచనాలనూ పైకి చదవండి, ఒకదాన్ని ఎంచుకోండి, దాన్ని "నేను", "నాకు" అని మార్చి ప్రార్థనగా పలకండి. పనిలో పడ్డాక మధ్యాహ్నం ఒకసారి దాన్ని గుర్తుచేసుకోండి. అంతే.

42వ, 43వ కీర్తనలు కలిపి చదివితే "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న ప్రశ్న మూడుసార్లు వస్తుంది. కీర్తనకారుడు తన ప్రాణం చెప్పేది వింటూ కూర్చోలేదు. ఎదురు ప్రశ్న వేసి, దేవునియందు నిరీక్షణ ఉంచమని దానికి చెప్పాడు. ఒక్కసారి చెబితే అది వినలేదు కనుక మూడుసార్లు చెప్పాడు. ఉదయం లేవగానే మనసు తన చింతలన్నీ చదివి వినిపించడం మొదలుపెడుతుంది. దానికంటే ముందే నోరు తెరిచి ఒక వచనం చెప్పడం ఈ కీర్తన నేర్పే మెలకువ.

ఐదవ పని: పాడడం, ఏడుపు పాటలు కూడా

పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో మొదటి వరుసలోనివాడు. ఆయన కీర్తనలు ఆంధ్రదేశమంతటా పాడుకుంటారు, ఆయన పుట్టిన గడ్డ మీద ఉన్న మనం కొత్త పాటల వెంటపడి వాటిని మరచిపోతున్నాం. ఆ తరం కీర్తనలలో స్తుతితోపాటు మొర, పశ్చాత్తాపం, వేడుకోలు సమృద్ధిగా ఉంటాయి. నా అభిప్రాయంలో ఇప్పటి ఆరాధనలో ఆనందం పలచబడడానికి ఒక కారణం, అందులో దుఃఖానికి చోటు లేకపోవడమే. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా దాన్ని గ్రంథంలోనుంచి తీసివేయలేదు. దేవుని ముందు ఏడవడానికి వీలున్న చోట నవ్వు కూడా నిజమైనదవుతుంది.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల మధ్యరాత్రి పాడినప్పుడు వారి వీపుల మీద బెత్తపు దెబ్బలు పచ్చిగా ఉన్నాయి, కాళ్లు బొండలో (కాళ్లు బిగించే కొయ్యలో) ఉన్నాయి, భూకంపం ఇంకా రాలేదు. తలుపులు తెరుచుకుంటాయని తెలిసి పాడిన పాట కాదది. ఇంటి దగ్గర రోజుకు ఒక్క కీర్తన పాడండి; రాగం కుదరకపోయినా పరవాలేదు. సంతోషం ఉన్నప్పుడు ఒక కీర్తన, లేనప్పుడు పాడడానికి ఒక కీర్తన ముందుగానే ఎంచి పెట్టుకోండి, ఎందుకంటే కుంగినవాడికి వెతికే ఓపిక ఉండదు.

ఆరవ పని: తెగిన మాటలు కలపడం

"ఎల్లప్పుడును ఆనందించుడి" అన్న వచనాన్ని గోడ మీద వేలాడదీసే మనం దానికి రెండు వచనాల ముందు ఏముందో చూడం. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్సు కలిగి ఉండాలని పౌలు అక్కడ బతిమాలుతున్నాడు. ఇద్దరూ సువార్త పనిలో అతనితో ప్రయాసపడినవారే, ఇద్దరి పేర్లూ జీవగ్రంథంలో ఉన్నవే. తగవు దేని గురించో రాయలేదు. సంఘం మొత్తానికి చదివి వినిపించే పత్రికలో వారి పేర్లు చెప్పి, సహకారి ఒకణ్ణి వారికి సహాయం చేయమని కోరి, ఆ వెంటనే ఆనందించమన్నాడు. తగవు తెగకుండా ఆ ఆజ్ఞను పాటించడం కష్టమని అతనికి తెలుసు.

మన సంఘాలలో తగవులు ఎక్కడ పుడతాయో మనకూ తెలుసు. ఒకే మందిరంలో ఒడియా ఆరాధన, తెలుగు ఆరాధన జరిగే చోట వేళల గురించి. సంఘ కమిటీ ఎన్నికల గురించి. క్రిస్మస్ ఖర్చు లెక్కల గురించి. స్త్రీల సమాజంలో ఎవరు ప్రార్థన చేయాలన్నదాని గురించి. విషయం చిన్నదే, కాని రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకే బల్లలో పాలుపొందుతాయి. అటువంటివారు ఎంత ప్రార్థించినా ఆనందం నిలవదు.

మొదట ఒంటరిగా వెళ్లండి, ఆదివారం మందిరం వాకిట్లో కాక వారి ఇంటికి. "మీరు అన్నారు" అని మొదలుపెట్టకుండా "నాకు ఈ విధంగా బాధ కలిగింది, నా వల్ల మీకు కలిగినదేమిటో చెప్పండి" అని అడగండి. వారు చెబుతున్నప్పుడు మధ్యలో జవాబు చెప్పవద్దు. కుదరకపోతే ఇద్దరికీ గౌరవమున్న పెద్దమ్మనో, మాస్టారునో వెంటబెట్టుకుని వెళ్లండి. పౌలు కోరిన సహకారి పని అదే. అప్పటికీ అవతలివారు కలవకపోతే మీ వంతు పూర్తయినట్టే, శక్యమైనంతమట్టుకు సమాధానంగా ఉండమన్నదే మనకున్న ఆజ్ఞ. వాట్సాప్‌లో క్షమాపణ సందేశం పంపి పని ముగిసిందనుకోవద్దు.

ఏడవ పని: వంతులు పంపడం

నెహెమ్యా కాలంలో ధర్మశాస్త్రం విని ప్రజలు ఏడుస్తుంటే, ఆ దినం దుఃఖించవద్దని, క్రొవ్విన మాంసం తిని, తియ్యనివి తాగి, ఏమీ సిద్ధం చేసుకోనివారికి వంతులు, అంటే భోజనంలో పాలు, పంపమని చెప్పారు. యెహోవాయందు ఆనందించుట వలన బలం కలుగుతుందన్న ప్రసిద్ధమైన మాట ఈ వంతుల మాటతో కలిసే ఉంది. మాసిదోనియ సంఘాల గురించి కూడా, వారి నిరుపేదతనం, వారి అత్యధికమైన సంతోషం కలిసి దాతృత్వంగా పొంగాయని పౌలు రాశాడు.

గంజాం వైపు ఎన్నో ఇళ్లలో మగవారు సూరత్ మిల్లులలో ఉంటారు. సముద్రతీరపు తెలుగు మత్స్యకారులు వేరే రాష్ట్రాల రేవులకు వలస వెళతారు. క్రిస్మస్‌కు అరిసెలు వండినప్పుడు అటువంటి ఇంటికి, విధవరాలి ఇంటికి, క్రైస్తవులు కాని పొరుగువారికి ముందు పంపి, తరువాత మీ పిల్లలకు పెట్టండి. పండుగనాడే కాదు, నెలకొకసారి ఒక ఇంటివారిని భోజనానికి పిలవండి. చద్దన్నం, ఎండుచేప అయినా సరే. తమ ఆనందం తగ్గిందని బాధపడేవారిలో పెట్టడం మానేసినవారు ఎందరో ఉంటారు.

నష్టం వచ్చినప్పుడు

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిచి, వరదలు తెచ్చి మనుషులనూ ఇళ్లనూ తీసుకుపోయింది. అంజూరపు చెట్లు పూయకపోయినా, పొలం పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాటలను అటువంటి రోజుల్లో నష్టపోయినవాడు తనకు తాను చెప్పుకోవాలి. టార్పాలిన్ కింద కూర్చున్న మనిషికి ఎదుటివాడు చెప్పకూడదు. హబక్కూకు కూడా ఆ మాటకు రాకముందు "ఎంతవరకు" అని దేవునితో వాదించాడు.

"సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి" అన్న ఆజ్ఞలో రెండు సగాలున్నాయి. లాజరును లేపబోతున్నానని ఎరిగి కూడా యేసు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. కనుక చావు ఇంటికి వెళ్లినప్పుడు బియ్యం, కూరలు తీసుకువెళ్లండి, పక్కన కూర్చోండి, తక్కువ మాట్లాడండి. నలభయ్యవ రోజు కూడిక తరువాత ఎవరూ రాని నెలలు వస్తాయి; అప్పుడు వెళ్లండి.

నిలుపుకోవడం

వచ్చినదాన్ని నిలుపుకోవడానికి రాత్రి పడుకోబోయే ముందు కొద్ది నిమిషాలు చాలు. 16వ శతాబ్దపు భక్తుడు లొయోలా ఇగ్నేషియస్ తన సహచరులకు నేర్పిన పద్ధతిలో, ఆ రోజు దేవుని మేలు ఎక్కడ కనబడిందో, ఎక్కడ ఆయనకు దూరమయ్యామో ఒకసారి వెనుదిరిగి చూసి, మొదటిదానికి కృతజ్ఞత, రెండవదానికి క్షమాపణ చెప్పి పడుకోవాలి. ఆయనదే మరో సలహా ఇక్కడ బాగా పనికివస్తుంది: మనసు ఎండిపోయిన కాలంలో, అది బాగున్నప్పుడు చేసుకున్న నిర్ణయాలను మార్చకూడదు. సంఘం మారడం, సండే స్కూలు వదిలేయడం, పెద్దరికానికి రాజీనామా ఇవ్వడం వంటివి ఆ సమయంలో తలపెట్టవద్దు. మార్చవలసివస్తే వెలుగు తిరిగి వచ్చాక, ఇద్దరితో ఆలోచించి మార్చవచ్చు.

వారంలో ఒక దినం నిజంగా విశ్రమించండి. మన ఆదివారాలు ఆరాధన, సండే స్కూలు, గృహకూడిక, సాయంత్ర ఆరాధనలతో నిండి, సేవలో ఉన్నవారికి అన్నిటికంటే బరువైన రోజులయ్యాయి. అటువంటివారు వేరొక పూటను పక్కన పెట్టుకుని, ఆ పూట సంఘపు పని ఏదీ చేయకుండా ఉండాలి. దూరాన ఉన్న కుటుంబ సభ్యుడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చే వేళ చూసుకుని, అతనితో ఫోనులో ఒక కీర్తన, ఒక ప్రార్థన మానకుండా సాగించండి. డబ్బు విషయాలు వేరే పూట మాట్లాడుకోవచ్చు. మొదట రాసిన కాగితాన్ని పారవేయకుండా బైబిలులో ఉంచి, మూడు నెలలకొకసారి తీసి, అవే ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాయండి. ఈసారి జవాబు వేరే ప్రశ్న దగ్గర ఆగితే, ఆ పని దగ్గరినుంచే మొదలుపెట్టండి.